కిరీటి సొంత కళ్ళు

పెళ్ళి ఆల్బం ఇంటికొచ్చిన రోజున మహాలక్ష్మిగారు ముందు దానికి బొట్టు పెట్టి, ఆ తర్వాతే విప్పారు. పీటంత వెడల్పూ, బియ్యం మూటంత బరువూ ఉందది. విజయవాడ నుంచి తిరువూరు బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చిన స్టూడియో కుర్రాడు కార్తీక్, దించగానే తొడలు రుద్దుకుంటూ మంచినీళ్ళు అడిగాడు. కొత్త కోడలు భువన అత్తగారి పక్కన సోఫాలో చేరి, కాళ్ళూపుకుంటూ చూడ్డం మొదలుపెట్టింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ పిల్లకి ఏం చూసినా సంబరమే. అత్తగారింటి పంపు నీళ్ళు కూడా తియ్యగా ఉన్నాయని పుట్టింటికి ఫోన్ చేసి చెప్పిన మనిషి.

నాలుగైదు పేజీలు తిరిగేసరికి కాళ్ళూపడం ఆగిపోయింది.

ఫొటోల్లో అందరూ బాగానే ఉన్నారు. పెళ్ళికొడుకు కిరీటే ఏదో తేడాగా ఉన్నాడు. మూడుముళ్ళు వేస్తున్నప్పుడూ తిన్నగా కెమెరా వైపే చూస్తున్నాడు. తలంబ్రాలు పోస్తున్నప్పుడూ అటే. చివరికి పురోహితుడు వేలెత్తి ఆకాశంలో అరుంధతీ నక్షత్రం చూపిస్తుంటే, మెడ పైకెత్తిన కిరీటి, కళ్ళు మాత్రం కిందికి దించి చూసేవాళ్ళని గుచ్చి గుచ్చి చూస్తున్నాడు. బ్యాంకులో సంతకం సరిపోలేదని నిలబెట్టినవాడి చూపు.

"ఎంత బాగా పడ్డాడే నా కొడుకు!" అన్నారు మహాలక్ష్మిగారు మురిసిపోతూ.

కార్తీక్ మంచినీళ్ళ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

ఆ సాయంత్రం బోసు సెంటర్లో మిరపకాయ బజ్జీలు తింటూ కిరీటి నిజం ఒప్పుకున్నాడు.

"ఫొటో అనగానే నాకు కళ్ళు మూతపడతాయి భువనా. చిన్నప్పట్నుంచీ అంతే. టెన్త్ క్లాస్ గ్రూప్ ఫొటో చూసి మా హెడ్మాస్టారు, ఈ నిద్రపోయేవాణ్ణి ఎవర్రా ముందు వరసలో కూర్చోబెట్టిందీ అన్నారు. పెళ్ళిలో అన్నీ మూసుకునే పడ్డాయంట. కార్తీక్ ఫోన్ చేసి ఏడుపు ఒకటే తక్కువ. నేనే నా పాస్‌పోర్టు ఫొటో పంపించా. అందులోని కళ్ళు తీసి అన్నిట్లో అంటించాడు."

"మరి ఆ పాస్‌పోర్టు ఫొటోలో ఎలా తెరిచారు?"

"ఆ ఫొటో తియ్యడానికి ఒక మధ్యాహ్నం మొత్తం పట్టింది. చివరికి స్టూడియో ఆయన కోప్పడ్డాడు. భయంతో తెరిచా."

భువన నవ్వీ నవ్వీ బజ్జీ పొలమారి, దుకాణం ఆయన పరిగెత్తుకొచ్చి నెత్తి మీద తట్టేదాకా వచ్చింది. కానీ ఇంటికెళ్ళగానే ఆ నవ్వు ఆగిపోయింది. హాల్లో అత్తగారు టేపు పట్టుకుని గోడ కొలుస్తున్నారు.

"అరుంధతి ఫొటో పెద్దది చేయించి ఇక్కడ పెట్టిస్తా. దసరా నాటికి గోడ మీద ఉండాలి."

ఆ గోడ సరిగ్గా భోజనాల బల్లకి ఎదురుగా ఉంది. జీవితాంతం పొద్దున్నే కాఫీ తాగుతుంటే ఆ పాస్‌పోర్టు కళ్ళు తనని ప్రశ్నిస్తూ ఉంటాయన్నమాట. భువన వెంటనే అడ్డుపడింది.

"అత్తయ్యగారూ, అవి ఆయన కళ్ళు కావండీ."

"మరెవరివమ్మా?"

"ఆయనవే. కానీ అప్పటివి కావు."

"కళ్ళకి అప్పటివీ ఇప్పటివీ ఏంటమ్మాయ్, చీరలా?"

"నేను తీస్తానండీ ఒక మంచి ఫొటో. మేమిద్దరం ఉండేది. ఆయన సొంత కళ్ళతో. దసరాలోపు తీస్తే అది పెడదాం. తియ్యలేకపోతే మీ ఇష్టం."

తీయగలననే ధైర్యం ఆమెది. పుట్టింటి నుంచి చీరల పెట్టెతో పాటు భువన రెండు కెమెరాలు తెచ్చుకుంది. ఒకటి ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు కొనుక్కున్న డిజిటల్‌ది. రెండోది రీలు కెమెరా, మేనమామ స్టూడియో మూసేసినప్పుడు, పాతసామానులోకి పోతుంటే మధ్యలో అడ్డంపడి దక్కించుకున్నది. ఇనుప ముక్కలా ఉంటుంది గానీ నొక్కితే వచ్చే 'టక్కు'మనే శబ్దం భువనకి ప్రాణం. లోపల వెలుతురు కొలిచే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. అందుకని ముందు డిజిటల్‌తో ఒకటి తీసి, వెలుతురు సరిపోయిందో లేదో చూసుకుని, అవే లెక్కలు రీలు కెమెరాకి పెట్టి అప్పుడు అసలు ఫొటో తీస్తుంది. ఆ పద్ధతి వల్ల ఇంట్లో అందరూ ప్రతిసారీ రెండుసార్లు నవ్వాల్సి వచ్చేది. మామగారు వెంకటకృష్ణారావుగారు మొదటిదానికే నవ్వు ఖర్చుపెట్టేసి, రెండోదానికి "ఇంకా ఉందా?" అన్న ముఖం పెట్టేవారు.

కిరీటికి మాత్రం రెండుసార్లూ కళ్ళు మూతే.

రెడ్డిగూడెం దగ్గర తెలిసినవాళ్ళ మామిడితోటకి తీసుకెళ్ళింది. చెట్ల నీడలో వెలుతురు పాలమీగడలా ఉంది. డిజిటల్ మూత. రీలు మూత. మామగారి ఎరువుల కొట్లో బస్తాల మధ్య కూర్చున్నప్పుడు చెప్పకుండా పక్కనుంచి వచ్చి తీసింది. వేలు మీట మీద పడగానే, ఈగ వాలబోతున్నట్టు, రెప్పలు టప్పున వాలిపోయాయి. టైమరు పెట్టి తనూ పక్కన నిలబడి చూసింది. ఆ గరగర మొదలవగానే కళ్ళు గట్టిగా మూసుకుని, పంటి డాక్టరు దగ్గర కూర్చున్నట్టు బిగుసుకుపోయాడు.

"నేను మూయలేదు" అనేవాడు ప్రతిసారీ.

"చూడండి మరి."

"అది నీడ."

ఇలా నీడలతో రీలు చాలావరకు అయిపోయింది.

ఒక ఆదివారం పెరట్లో విసుగొచ్చి, డిజిటల్‌తో వరసగా గడగడా లాగించింది. తర్వాత ఒక్కోటీ చూసుకుంటూ పోతే, అరే! మొదటిదాంట్లో మూత. తర్వాత సగం. ఆ తర్వాత రెప్పలు లేస్తున్నాయి. ఇంకొకటి తిప్పేసరికి కళ్ళు పూర్తిగా విచ్చుకుని, గండం గడిచిందన్న తేలికతో నవ్వుతూ కిరీటి! తనకి రోజూ కనిపించే కిరీటి, ఒక్క కెమెరాకీ దొరకని కిరీటి. మొదటి క్లిక్కు శబ్దానికే రెప్పలు వాలుతున్నాయి. అయిపోయిందనుకోగానే లేస్తున్నాయి.

ఎగురుకుంటూ వెళ్ళి అత్తగారికి చూపించింది. ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తూ ఓరగా చూశారు.

"బాగానే అంటించావ్."

"అంటించలేదండీ! నిజంగా తెరిచారు!"

"నువ్వు కంప్యూటర్ చదువుకున్నదానివి. నీకదెంత పని? ఆ స్టూడియో అబ్బాయి అంటించాడని నువ్వే అన్నావుగా. అతనికి వచ్చింది నీకు రాదా?"

భువన కెమెరా వెనక్కి తీసుకుంది. తను తవ్విన గోతిలో తనే పడడమంటే ఇదే.

"రీల్లో తీసి చూపించు, అప్పుడు నమ్ముతా," అన్నారు మహాలక్ష్మిగారు. "మా పెళ్ళి రీల్లోనే తీశారు. మీ మామయ్యగారి ముఖం ఎట్లా ఉందో అట్లాగే పడింది. మార్చడానికి లేకపోయింది. ఏం చేస్తాం."

"ఆ రోజు నాకు జ్వరమే..." అని వసారాలోంచి మామగారు మొదలుపెట్టబోయారు.

"జ్వరం మీకు కాదు, మీ అన్నయ్యకి."

ఆ మాట వినగానే భువన బుర్రలో ఏదో వెలిగింది. మామగారి మాట ఇంకా నేల మీద పడనేలేదు. అత్తగారి జవాబు వచ్చి దాని నెత్తిన కూర్చుంది. ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ చూస్తోంది తను. ఆయన ఒకటంటే ఆవిడ రెండోది అనకుండా ఉండలేరు. మధ్యలో రెప్పపాటు, అంతే. కిరీటి కళ్ళు మూసి తెరవడానికి పట్టే సమయం కూడా సరిగ్గా అంతే!

పథకం రాత్రికి రాత్రే తయారైపోయింది. నెమలి ఊళ్ళోని వేణుగోపాలస్వామి దగ్గరికి కొత్త జంటని తీసుకెళ్ళాలని అత్తగారు ఎప్పట్నుంచో అంటున్నారు. నలుగురూ వెళ్ళాలి. గుడి బయట తనూ కిరీటీ నిలబడాలి. డిజిటల్ మామగారి చేతిలో, రీలు అత్తగారి చేతిలో. ఆయన నొక్కగానే ఆవిడ నొక్కాలి.

"అంటే అరుంధతి ఫొటో వదులుకోవడం ఇష్టంలేని మా అమ్మే, దానికి పోటీ ఫొటో తియ్యాలన్నమాట," అన్నాడు కిరీటి.

"మీ అమ్మగారు అన్యాయం చెయ్యరు."

"అన్యాయం చెయ్యదు. కానీ రీల్లో ఎన్ని మిగిలాయి?"

భువన కెమెరా పైనున్న చిన్న గాజు కిటికీలోకి చూసి, నాలిక కరుచుకుంది. "ఒకటే. కొత్త రీలు కొరియర్లో రావాలంటే దసరా వెళ్ళిపోతుంది."

గంపలగూడెం దాటాక దారికి రెండువైపులా పత్తి చేలు విచ్చుకుని ఉన్నాయి. కారులో వెనక సీట్లో భువన అత్తగారికి రీలు కెమెరా పట్టుకోవడం నేర్పింది. దూరం, వెలుతురు అన్నీ తనే సరిచేసి ఇస్తుంది. ఆవిడ చేయాల్సిందల్లా గాజులోంచి చూసి, మామయ్యగారి కెమెరా చప్పుడు వినగానే నొక్కడం.

"ఆయన నొక్కిన వెంటనేనా, కాసేపు ఆగా?"

"మామయ్యగారు ఏదైనా అంటే మీరెంతసేపు ఆగుతారండీ?"

"నేనెందుకాగుతా?"

"అంతేనండీ. అలాగే నొక్కండి."

ముందు సీట్లో వెంకటకృష్ణారావుగారి భుజాలు కదిలాయి. నవ్వారో, గతుకో తెలియలేదు.

దర్శనం అయ్యాక గుడి బయట, కొబ్బరికాయల కొట్లకి ఇవతల సున్నం వేసిన గోడ ముందు కిరీటి నిలబడ్డాడు. భువన డిజిటల్‌తో వెలుతురు చూసి, దాన్ని మామగారికిచ్చి, రీలు కెమెరా సరిచేసి, అత్తగారి చేతుల్లో పసిబిడ్డని పెట్టినట్టు పెట్టి, పరిగెత్తుకొచ్చి కిరీటి పక్కన చేరింది. కొబ్బరికాయలు కొనుక్కునేవాళ్ళు చేతుల్లో కాయలతో ఆగిపోయారు. ఇద్దరు పెద్దవాళ్ళు రెండు కెమెరాలతో పక్కపక్కన నిలబడి కొడుకూ కోడలి మీద గురిపెట్టడం వాళ్ళెప్పుడూ చూడలేదు.

"భువనా, నాకు భయంగా ఉంది," అన్నాడు కిరీటి పెదాలు కదపకుండా.

"మీరు మామూలుగానే మూసుకోండి. అదే కావాలి మనకి."

"మూసుకోమంటే నాకు మూతపడదేమో!"

"ఏంటీ?"

"రెడీ!" అన్నారు వెంకటకృష్ణారావుగారు, బస్టాండుదాకా వినపడే గొంతుతో.

"రెడీ అని నాకు చెప్పడమెందుకు, నేనెప్పుడో రెడీ!" అన్నారు మహాలక్ష్మిగారు.

క్లిక్. టక్.

మధ్యలో చీమ దూరే సందు. భువన గాల్లోకి ఎగిరి చప్పట్లు కొట్టింది. కొబ్బరికాయలవాళ్ళు కూడా కొట్టారు, ఎందుకో తెలియకపోయినా.

రీలు కడగడం ఆ మర్నాడు మధ్యాహ్నం ఇంట్లోనే. వెలుతురు దూరని నల్ల సంచీలో చేతులు దూర్చి, భువన తడుముకుంటూ రీలుని డబ్బాలోకి ఎక్కిస్తుంటే అత్తగారు కుర్చీ తెచ్చుకుని స్నానాలగది గుమ్మంలో కూర్చున్నారు. లోపల కళ్ళు అంటించకుండా కాపలా. మామగారు రీలు కడిగే మందు సీసా చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని చీటీ చదివారు. పురుగుమందులు అమ్మే చెయ్యి అది.

"లీటరుకి మోతాదెంత?"

భువన చెప్పింది.

"చిక్కగా కలపమాక. మోతాదు మించితే ఆకు మాడుద్ది."

"ఆకు లేదు మామయ్యగారూ, రీలే."

"ఏదైనా మాడుద్ది."

డబ్బాని మెల్లగా తలకిందులు చేస్తూ, మళ్ళీ నిలబెడుతూ ఉంటే మహాలక్ష్మిగారికి చేతులు ఆగలేదు. "ఇటివ్వు, మజ్జిగ చిలకడం కూడా రాదు మీకు," అని తీసుకుని తనే చేశారు. ఇంత ఒడుపుగా ఆ డబ్బాని మేనమామ కూడా కదపలేదని భువన మనసులో ఒప్పుకుంది.

కడిగిన రీలుని దండేనికి, లంగా పక్కన, క్లిప్పు పెట్టి వేలాడదీశారు. మహాలక్ష్మిగారు వెలుతురుకి పెట్టి చూసి ఉలిక్కిపడ్డారు. నల్లటి ముఖాలు, తెల్లటి జుట్లు.

"వీళ్ళెవరమ్మా, దయ్యాల్లా?"

"మనమేనండీ. తిరగేస్తే మనుషులవుతాం."

తిరగెయ్యడం మళ్ళీ డిజిటల్ కెమెరా పనే. ఫోను తెర తెల్లగా వెలిగించి దాని మీద రీలు పరిచి, పైనుంచి డిజిటల్‌తో ఫొటో తీసి, లాప్‌టాప్‌లోకి ఎక్కించింది. నలుపు తెలుపుగా మారడానికి ఇక ఒక్క మీట నొక్కాలి. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని తెరకి ముక్కు ఆనించారు.

"ఆ ఒక్క మీటే నొక్కు. రెండోది నొక్కావంటే ఒప్పుకోను."

భువన నొక్కింది.

తెర మధ్యలో కిరీటి. కళ్ళు బార్లా తెరిచి ఉన్నాయి. చివర్లు నవ్వుతో ముడతలు పడ్డాయి. చూపు కెమెరా వైపు లేదు, పక్కకి ఉంది. ఏదో కొత్తగా దొరికిందానివైపు చూస్తున్నట్టు, దొరికింది నిజమేనా అన్నట్టు ఉంది.  

"వాడి కళ్ళే," అన్నారు మహాలక్ష్మిగారు మెత్తగా. "ఒట్టు, వాడివే. చిన్నప్పుడు వీధిలో ఐసు బండి గంట వినపడితే ఇట్లాగే చూసేవాడు." అని ఇంకొంచెం ముందుకి వంగారు. "ఎవర్ని చూస్తున్నాడే ఇంతలా?"

"నన్నేనండీ."

"నువ్వేదీ?"

"మీరు కోసేసిన వైపున్నానండీ."

నిజమే. ఫొటో అంచున ఒక జడ, మూర మల్లెపూలు, ఒక చెవి బుట్ట, చీర కప్పుకున్న సగం భుజం ఉన్నాయి. మిగిలిన భువన నెమలి గుడి గోడ దగ్గరే ఉండిపోయింది.

మహాలక్ష్మిగారి ముఖం ఎర్రబడింది. "ఆ గాజులో నాకు వాడొక్కడే కనపడ్డాడమ్మా."

"నీకెప్పుడూ వాడొక్కడే కనపడతాడు," అన్నారు వెంకటకృష్ణారావుగారు.

"మీరు మరీ చెప్పొచ్చారు! మీరు తీసిందాంట్లో వాడు నిద్రపోతున్నాడు!"

అదీ నిజమే. మామగారి డిజిటల్ ఫొటోలో రంగులన్నీ బ్రహ్మాండంగా పడ్డాయి. ఇద్దరూ నిండుగా ఉన్నారు. భువన నోరంతా తెరిచి నవ్వుతోంది. పక్కన కిరీటి ప్రశాంతంగా కన్నుమూసి ఉన్నాడు.

"కోడలు లేని జంట ఫొటో గోడకి పెడితే నలుగురూ ఏమనుకుంటారు? నిద్రపోయేది అసలే కుదరదు," అని మహాలక్ష్మిగారు నిట్టూర్చి, లేవబోతూ ఆగారు. అరుంధతి మళ్ళీ గోడెక్కబోతోందనుకుంది భువన. "ఉండు. ఈ కళ్ళు తీసి మీ మామయ్య ఫొటోలో పెట్టెయ్యి. ఇవి వాడి సొంత కళ్ళేగా! ఆ రోజువే. ఇప్పుడు నాకేం అభ్యంతరం లేదు."

భువన చెయ్యి మౌసు మీదికి వెళ్ళింది. ఎంతసేపు పని? కాఫీ కాగేలోపు అయిపోతుంది. కిరీటి కూడా "పెట్టెయ్ భువనా, నా కళ్ళకి నేను హామీ," అన్నాడు.

ఆ చెయ్యి వెనక్కొచ్చేసింది.

"వద్దండీ. ఇక్కడ ఆ కళ్ళు నన్ను చూస్తున్నాయి. మామయ్యగారి ఫొటోలో ఆయన మెడ ఇంకోవైపు తిరిగి ఉంది. అక్కడ అతికిస్తే కొబ్బరికాయల కొట్టు వైపు చూస్తాయి. మా ఆయన అంత ప్రేమగా కొబ్బరికాయల్ని చూస్తుంటే రోజూ నేనెలా చూసేదండీ?"

వెంకటకృష్ణారావుగారు పెద్దగా నవ్వారు. ఆయన నవ్వు విన్నవాళ్ళు ఆ వీధిలో తక్కువ.

"రెండూ పెట్టించు," అన్నారు. "రెండు మేకులు కొడితే గోడేం పడిపోదు."

"రెండూ పెడితే..." అని మొదలుపెట్టిన మహాలక్ష్మిగారు, జీవితంలో మొదటిసారి, మాట మధ్యలో ఆపి టేపు కోసం లేచారు.

దసరా ముందురోజు రెండు పటాలూ వచ్చాయి. ఒకటి నలుపు తెలుపు, ఒకటి రంగులు. మేకులు కొట్టేటప్పుడు మళ్ళీ పంచాయితీ.

"నేను ముందు తీశా. నాది ముందుండాలి," అన్నారు మామగారు.

"ముందు మాట్లాడినంత మాత్రాన ముందుంటారా?" అన్నారు అత్తగారు.

భువన రెండు పటాల్నీ గోడకి అటూ ఇటూ మార్చి పట్టుకుని చూసింది. కిరీటి చూపు కుడివైపుకి వెళ్తోంది. కాబట్టి అత్తగారిది ఎడమ పక్క ఉంటే, ఆ చూపు పటం చట్రం దాటి, తిన్నగా రెండో పటంలో నవ్వుతున్న తన దాకా వస్తుంది. అలాగే పెట్టించింది. మామగారు గొణిగారు గానీ సుత్తి ఆయనే అందించారు.

అంతా అయ్యాక కిరీటి భోజనాల బల్ల దగ్గర కూర్చుని, కాఫీ గ్లాసు పట్టుకుని, తల ఒకపక్కకి వాల్చి చూశాడు.

"బాగానే ఉంది. కానీ నేను నిన్ను చూస్తుంటే మధ్యలో వాడెవడు అడ్డం?"

భువన అతని పక్కన కుర్చీ లాక్కుని, అతని గ్లాసులోంచే ఒక గుక్క తాగింది.

"పాపం, నిద్రపోతున్నాడు. లేపకండి."